రేపు ఆ చక్రం పక్కన ఎవరు నడుస్తారు

2022 వేసవి. గుడివాడలో ట్రాక్టర్లు, ట్రైలర్లు అమ్మే షోరూంలో నేను సర్వీస్ ఇన్‌ఛార్జిని. ఆడమనిషి స్పానర్ పట్టుకుంటే మొదట్లో అందరూ వింతగా చూసేవాళ్లు. తర్వాత నా నోటికి జడిసి మానేశారు. ఆ ఏడాదే మా దగ్గరికి బోటు ట్రైలర్లు కొత్తగా వచ్చాయి. ఫైబర్ బోటును ఎక్కించుకుని, ట్రాక్టర్‌కి తగిలించి, నీళ్ల దాకా లాక్కెళ్లే చక్రాల చట్రం అది. ఒకటి గిలకలదిండికి, ఒకటి నాగాయలంక అవతల ఊరికి అమ్మాం. చేపల వేట నిషేధం ముగియగానే బోట్లు దింపాలని కొన్నవాళ్లిద్దరూ తొందరపడి తీసుకెళ్లారు.

రేపు నిషేధం ముగుస్తుందనగా పొద్దున్నే కంపెనీ ఇంజనీరు ఫోన్ చేశాడు. చక్రాన్ని ఇరుసు మీద నిలిపి ఉంచేది చివరనుండే నట్టు. అది వదులు కాకుండా ఇరుసు కొసన ఉన్న రంధ్రంలో స్ప్లిట్ పిన్ అని సన్నటి చీల దూరుస్తారు. మాకొచ్చిన ట్రైలర్లలో ఆ పిన్ రంధ్రం నట్టు గాడిని దాటి కాస్త బయటికి పడిందట. పిన్ ఉంటుంది గానీ నట్టుని పట్టుకోదు.

“మొదటి సర్వీసుకి వచ్చినప్పుడు నట్టు కింద మందపాటి వాషర్ వేసేయండి మేడం, నట్టు రంధ్రం దాకా జరుగుతుంది, సరిపోతుంది,” అన్నాడు.

“అప్పటిదాకా?”

“నెమ్మదిగా నడపమనండి. అయినా డెలివరీకి ముందు చూసుకోవాల్సింది డీలరే కదండీ.”

మా యజమాని ప్రసాద్ గారికి చెప్తే ఆయనది ఇంకో పాట. “తయారీలో తప్పమ్మా అది. వాళ్ల మనిషినే పంపమను. మనం చెయ్యి పెడితే వారంటీ పోయిందంటారు.”

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. నేను అవనిగడ్డలో పుట్టి పెరిగినదాన్ని. మా దివిసీమలో బోటు ఎలా దింపుతారో నాకు తెలుసు. ట్రైలర్ కట్ట దిగుతుంటే బోటు ఒరగకుండా ఇంటి మనుషులంతా చెరోపక్క భుజం ఆనించి నడుస్తారు. చక్రం ఊడితే ఆ బరువు పడేది వాళ్ల మీదే. నెమ్మదిగా నడిపినా పడుతుంది.

నాగాయలంక వైపు తీసుకెళ్లిన నాగేశ్వరరావు గారికి ఫోన్ చేసి, సంగతి చెప్పి ట్రైలర్ వెనక్కి తెమ్మన్నాను. “పూజ చేసేశామమ్మా. మొదటి బోటు మొయ్యకుండా బండిని తిప్పి పంపడం మాకు అచ్చిరాదు. రేపు దింపేశాక పంపిస్తాంలే,” అన్నారు. గిలకలదిండి వాళ్లూ అదే మాట, పైగా చక్రాలు ముట్టుకోనివ్వం అన్నారు. వాళ్లదీ మర్నాడే ముహూర్తం.

“వారంటీ పోతే ఆ ఖర్చు నా పేరు మీద రాసుకోండి,” అని ప్రసాద్ గారికి చెప్పేశాను. లేత్ షాపులో వాషర్లు కోయించుకుని, మెకానిక్ రాంబాబుని, జాకీని బండిలో వేసుకుని బయల్దేరాను. ముందు నాగాయలంక వైపు.

ట్రైలర్ కట్ట మీద ఖాళీగా ఉంది. చక్రాలకి పసుపు, కుంకుమ బొట్లు. రాంబాబు బండిలోంచి జాకీ దించగానే నాగేశ్వరరావు గారు అడ్డంగా నిలబడ్డారు.

“చక్రాలు విప్పుతానంటే ఒప్పుకోనమ్మా. పని మొదలెట్టకుండానే విప్పడమేంటి? గుడివాడ నుంచి ఇక్కడిదాకా బ్రహ్మాండంగా వచ్చింది.”

చెప్పి చూశాను, బతిమాలాను. లాభం లేకపోయింది. ఆఖరికి అడిగాను. “రేపు ఈ చక్రం పక్కన ఎవరు నడుస్తారండీ?”

“మా తమ్ముడు.”

“అయితే ఆయన్ని తప్పించండి. ఇక్కడ నేను భుజం పెడతాను. పొద్దున్నే వచ్చేస్తాను.”

“ఆడపిల్లవి, నిన్ను అక్కడెలా నిలబెడతామమ్మా?”

“మరి తమ్ముణ్ణి ఎలా నిలబెడతారు?”

నేను వెటకారానికి అనలేదు. ఆయన కాదంటే నిజంగానే వెళ్లి నిలబడేదాన్ని. లోపల భయంగానే ఉంది, కానీ నాకు మొండిపట్టు వచ్చేసింది. ఆయన చక్రం వంక చూసి, “కానియ్యమ్మా,” అని పక్కకి జరిగారు.

రాంబాబు చక్రం పైకెత్తి, నట్టుని కప్పే హబ్ క్యాప్ తీశాడు. ఖాళీగా వచ్చిన దారికే నట్టు వదులైపోయింది. నాగేశ్వరరావు గారు రెండు వేళ్లతో తిప్పితే తిరిగింది. నమ్మలేనట్టు మళ్లీ తిప్పి చూశారు.

వాషర్లు వేసి, నట్లు బిగించి, కొత్త పిన్నులు దూర్చి కొసలు మడిచాం. ఈసారి పిన్ను నట్టు గాడిలో సరిగ్గా కూర్చుంది. ఆయన భార్య టీ పెట్టడానికి కట్ట పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్తోంది.

“ఇలాంటిది ఇంకెవరికైనా ఇచ్చారామ్మా?” అని అడిగారాయన.

“గిలకలదిండిలో ఒకరికండీ. వాళ్లూ విప్పనివ్వం అంటున్నారు. రేపే దింపుతారట.”

ఆయన భార్యని కేకేసి టీ వద్దన్నారు. చొక్కా తొడుక్కొచ్చి మా బండి ముందు సీట్లో కూర్చున్నారు. “మీరు చెప్తే వినరు. వేటకెళ్లేవాణ్ణి, నేను చెప్తే వింటారు. పదండి.”

గిలకలదిండి ట్రైలర్‌కి కూడా ఆ సాయంత్రమే వాషర్లు పడ్డాయి.

తప్పెవరిదన్న వాదన కంపెనీకీ షోరూంకీ మధ్య ఆ తర్వాత చాలాకాలం నడిచింది. నడవనివ్వండి, అది తేలాల్సిందే. కానీ తెలిసిన లోపాన్ని ఎవరు బాగుచెయ్యాలని కొత్తగా చేరినవాళ్లు అడిగితే నేను నాగేశ్వరరావు గారి సంగతే చెప్తాను. ఆ ట్రైలర్ని తయారు చేసింది ఆయన కాదు, అమ్మిందీ ఆయన కాదు. లోపం ఉందని తెలిసింది, బండెక్కారు.