మిరపపండు రంగు మెక్సికో చొక్కా

మొన్న ఆదివారం నరసరావుపేటలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, బడిలో ఫుట్‌బాల్ ఆడే మనవరాలు ఫోను పట్టుకొచ్చి నా పక్కన చేరింది. ప్రపంచ కప్పు మళ్ళీ మెక్సికో గడ్డ మీద అంటున్నారు కదా, ఆ దేశపు ఆటగాళ్ళలో అందరికన్నా గొప్పవాళ్ళెవరో వరసపెట్టి చూపించే వీడియో అది. ఈ అమ్మమ్మకు వాళ్ళెవరో ఏం తెలుస్తుందని దాని ఉద్దేశం. నేను చేతిలో కాయ కింద పెట్టేసి, వాళ్ళలో ముగ్గురిని గుర్తుపట్టేసరికి నోరు తెరిచింది.

ఒకప్పుడు టీవీలో చూసిన వాళ్ళ పేర్లు మా అక్కాతమ్ముళ్ళకు నోరు తిరిగేవి కావు కాబట్టి మా పేర్లే పెట్టుకున్నాం. గోలు కొట్టగానే గాలిలో మొగ్గ వేసేవాడు పిల్లిమొగ్గలాయన. బంతిని రెండు పాదాల మధ్య ఇరికించుకుని అడ్డొచ్చినవాళ్ళ నడుమనుంచి గెంతేవాడు కప్పగెంతులాయన. ఇక మూడోవాడు, పొట్టివాడు, ఒంటినిండా రంగురంగుల చొక్కా వేసుకునే గోల్‌కీపరు. గోల్‌కీపరును మా ఊళ్ళో గోలీ అనేవాళ్ళం. ఆయనకు చొక్కాల గోలీ అని పేరు పెట్టింది మా తమ్ముడు. వాడి లెక్కలో మెక్సికోలోనే కాదు, భూమి మీదే అంతటివాడు లేడు.

మా ఊరు నకరికల్లు దగ్గర. మిరపకాయలు ఎండబోసే కల్లమే ఊరి పిల్లలందరి ఆటస్థలం. వేసవిలో కాయ ఎత్తేశాక అలికిన నేల నున్నగా ఉండేది గానీ, గింజా ఘాటూ ఎక్కడికీ పోయేవి కావు. బంతి కోసం కింద పడి దొర్లిన గోలీ మోచేతులు దోక్కుపోయి, ఆ దోకుడులో కారం దిగి, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని ఇంటికొచ్చేవాడు. వాళ్ళమ్మ తిట్టుకుంటూనే మజ్జిగతో కడిగేది. అందుకే గోలీగా నిలబడడం ఎవరికీ అక్కర్లేదు, మా తమ్ముడికి తప్ప. వాడికేమో అదే ప్రాణం, కానీ మనిషి జానెడు. పొట్టివాడు గోలీగా పనికిరాడని డ్రిల్లు మాస్టారు బడి జట్టులోకి రానిచ్చేవారు కాదు. వాడు రెండుపూటలా అన్నం కూడా సరిగ్గా తినకుండా కుమిలిపోయిన రోజులు నాకు తెలుసు.

అట్లాంటి సమయంలో పెదనాన్నగారి ఇంట్లో టీవీలో కనబడ్డాడు చొక్కాల గోలీ. మీకూ గుర్తుండే ఉంటుంది, ఏంటెన్నా తిప్పడానికి ఒకరు డాబా ఎక్కితే, కింద ఒకరు బొమ్మ వచ్చిందో లేదో చెప్పాల్సిన కాలం. చుట్టూ ఉన్నవాళ్ళ భుజాల దాకా వచ్చే మనిషి, గాలిలోకి లేచి బంతిని అందుకుంటుంటే మా తమ్ముడు గడప దగ్గరే నిలబడిపోయాడు. ఆ సాయంత్రమే నా మిషను పక్కన చేరి, అచ్చం అట్లాంటి చొక్కా కుట్టిపెట్టమన్నాడు.

నేనప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేదాన్ని. కుట్టగా మిగిలిన ముక్కలకు కొదవలేదు. చిక్కల్లా ఒక్కటే, పెదనాన్నగారిది రంగులు రాని టీవీ. ఆ చొక్కా మీద పెద్దపెద్ద ముక్కలు కోణాలుగా ఉన్నాయని తెలుసు గానీ ఏ ముక్క ఏ రంగో ఎవరికి తెలుసు? అక్కాతమ్ముళ్ళం కూర్చుని తీర్మానించాం. నల్లగా కనబడ్డదంతా మిరపపండు ఎరుపు, తెల్లగా కనబడ్డది పసుపు, మధ్యస్థంగా ఉన్నది చిలకపచ్చ. పెళ్ళికూతురి జాకెట్టులో మిగిలిన శాటిన్ సూది కింద జారిపోతుంటే పళ్ళు నూరుకుంటూ కుట్టాను. చూసి నాన్న, మన ఇంట్లో గంగిరెద్దు తయారైందన్నాడు.

తమ్ముడు ఆ చొక్కాతోనే వెళ్ళి మాస్టారి ముందు నిలబడి, మెక్సికో గోలీ సంగతి చెప్పాడట. ఆయన ఈపూరు జట్టుతో జరిగే ఆటలో ఒక్క అవకాశం ఇస్తానని, బంతి తలమీదుగా పోయిందంటే మళ్ళీ అడగకూడదని షరతు పెట్టారు. ఆట మా ఊరి కల్లంలోనే. నేను గడ్డివామి పక్కన నిలబడి చూశాను. ఈపూరు పిల్లలు గంగిరెద్దు గంగిరెద్దు అని గేలి చేస్తున్నా, వాడు పడుతూ లేస్తూ కారం కళ్ళతోనే బంతులాపాడు. ఆట ముగియబోతుండగా ఒక బంతి ఎత్తుగా వచ్చింది. వాడు ఎంత ఎగరగలడో అంతా ఎగిరాడు. బంతి వేళ్ళ కొసలు దాటి తలమీదుగానే పోయింది. ఓడిపోయాం. వాడు చొక్కా విప్పేయబోయాడు.

మాస్టారు దగ్గరికొచ్చి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఉంచరా చొక్కా. పొడుగోడైతే ఇది అందదులే అని చేతులు కట్టుకొని చూసేవోడు. నువ్వు ఎగిరావు. రేపట్నుంచి నువ్వే గోలీ."

పదో తరగతి అయ్యేదాకా వాడే గోలీ. ఆ తరువాత లారీ క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, గుంటూరు యార్డుకు మిరప బస్తాలు తోలుతూ బతికాడు. పోయినేడు గుండెపోటుతో, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. నా కన్నా చిన్నవాడు.

మనవరాలి ఫోనులో ఆ గోలీని మొదటిసారి రంగుల్లో చూశాను. గులాబీ రంగు, నిమ్మపండు పసుపు, కళ్ళు చెదిరే ఆకుపచ్చ. నా ఎరుపు జాడ లేదు. తమ్ముడు అంత నమ్మి తొడుక్కున్న చొక్కా అచ్చం అట్లాంటిది కానేకాదని తెలిసి ఏడుపొచ్చింది. ఉండబట్టలేక ఊళ్ళో ఉన్న తమ్ముడి భార్యకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆయనకు ఎప్పుడో తెలుసు వదినా" అంది. "యార్డు కాడ హోటల్లో కలర్ టీవీలో చూశాడంట. నీకు చెప్పమాకన్నాడు. మా అక్క కుట్టిందే సరైంది, ఆళ్ళ దర్జీకే రంగులు తెలవలేదు అన్నాడు."

ఇప్పుడు పిల్లలకు అన్నీ ఫోనులోనే కనబడుతున్నాయి, చొక్కా మీది దారప్పోగుతో సహా. మంచిదే. తెలియని రంగును ఇద్దరు కూర్చుని తేల్చుకోవాల్సిన పని ఎవరికీ లేదు. ఆ వీడియోలో చొక్కాల గోలీని ఎక్కడో నాలుగైదు మంది వెనక పెట్టారు. వాళ్ళ లెక్క వాళ్ళది. నా కంటికి మాత్రం ఆయన ఇంకా మిరపపండు రంగు చొక్కాలోనే ఎగురుతున్నాడు, మా కల్లంలో, బంతి అందదని తెలిసి కూడా.