గడ్డిపరక తుంపిన రోజు

అరవైల చివర్లో మాట. మా ఊళ్లో పెళ్లి కలపడానికి ముహూర్తం, మేళం, పందిరి అన్నీ కావాలి గాని, తెంచుకోవడానికి ఒక్క గడ్డిపరక చాలు. ఊరి పెద్దలు తగువు తీర్చడానికి కూర్చుంటారు. మొగుడు పరకని రెండుగా తుంపి పారేస్తాడు. అంతటితో ఇద్దరూ వేరు, మారుమనువుకీ అడ్డు ఉండదు. అయితే తుంపవలసింది మొగుడే. ఏ మహానుభావుడు పెట్టాడో గాని, మగవాళ్లకి భలే కలిసొచ్చిన ఆచారం.

తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టిందని మా తాత ఆ పరక తుంపేశాడు. ఆ పిల్లే మా అమ్మ. తగువు జరుగుతున్నప్పుడు అమ్మమ్మ నూతి దగ్గర నీళ్లు తోడుతోందట. "బిందె దించీసరికి నాకు మొగుడు లేడే గుంటా" అని నాతో నవ్వుతూ చెప్పేది.

మా అమ్మ కథ ఇంకో రకం. మా నాన్న నౌపడ ఉప్పుమడుల్లో పనికని వెళ్లి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. తిరిగి రానూ లేదు, పరక తుంపనూ లేదు. పన్నెండేళ్లు అమ్మ మొగుడున్నదీ కాక, లేనిదీ కాక ఉండిపోయింది. ఎవరైనా అడిగితే గోగునార కడుగుతూనే "వస్తాడులే" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

పంతొమ్మిదేళ్లకి నా వంతు వచ్చింది. నా మొగుడి చెయ్యి ఊరికే ఉండేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక దెబ్బ, తక్కువైతే రెండు. ఏడాది ఓర్చుకుని పుట్టింటికి వచ్చేశాను. కోతలయ్యాక మా కళ్లంలోనే తగువు పెట్టారు.

అతను పెద్దల ముందు దర్జాగా కూర్చుని, "నాను తుంపను. అది రావలసిందే" అన్నాడు.

అతను తుంపకపోతే నాకు మిగిలేది రెండే. ఆ దెబ్బలు, లేదా మా అమ్మ బతుకు. తగువు తీర్చడానికి వచ్చిన పెద్దాయన అమ్మమ్మకి వరసకి తమ్ముడు. మెత్తని మనిషి. "ఆడు తుంపనంతన్నాడు, మనమేటి సేస్తాం? సర్దుకుపో తల్లీ" అన్నాడు నాతో.

అమ్మమ్మ అప్పటిదాకా గడ్డిమేటుకి ఆనుకుని, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. మాట్లాడడానికి ఆవిడ చుట్ట బయటికి తీసిందంటే ఎవరికో మూడిందన్నమాటే. తీసింది. మేటులోంచి ఒక పరక లాగి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తుంపెయ్యే."

"ఆడది తుంపితే సెల్లుతాదేటి అప్పా?" అన్నాడు పెద్దాయన.

"ఒరే తమ్ముడా, నా మొగుడు తుంపినప్పుడు నన్ను అడిగేరేటి? అడక్కపోయినా సెల్లింది గదా! ఆడు తుంపినా ఇది తుంపినా పరక రెండు ముక్కలే అవుతాది. మూడవుతాదేటి? సూడు."

ఆడవాళ్ల గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. తుంపాను. రెండు ముక్కలూ అతని కాళ్ల దగ్గర పారేశాను. నా పెళ్లి రోజున కూడా అంత సంతోషం కలగలేదని ఇప్పటికీ సిగ్గు లేకుండా చెబుతాను. పెద్దాయన పక్కవాళ్ల వైపు చూశాడు, వాళ్లు నేల చూశారు. "సర్లే, తెగిపోయింది" అన్నాడాయన. నా మొగుడు తువ్వాలు దులుపుకుని చరచరా వెళ్లిపోయాడు.

ఇక లేద్దామనుకుంటుంటే ఆడవాళ్లలోంచి మా అమ్మ ముందుకొచ్చింది. అంతమంది మగవాళ్ల ఎదుటికి అమ్మ రావడం నేనెప్పుడూ చూడలేదు. వంగి, మేటులోంచి తనూ ఒక పరక లాగింది.

"నీకెందుకే అది? నీ మొగుడు ఇక్కడ లేడు గదా" అన్నాడు పెద్దాయన.

"కాపరంలోనూ లేడు గదా మావా, దీనికి మాత్రం ఎందుకు?" అని అమ్మ తుంపేసింది.