బూదమ్మవ్వ పలికిన పేర్లు

తడి పలక మీద బలపం కీచుమంటే చాలామందికి పళ్ళు జివ్వుమంటాయి. నాకు మాత్రం బూదమ్మవ్వ గుర్తుకొస్తుంది. మార్కాపురం దగ్గర, దూరప్రాంతాల వాళ్ళు బండ్లు కట్టుకొని చూడవచ్చే మా రాతి చర్చిని ముప్పై ఏళ్ళు ఊడ్చిన మనిషి ఆమె. తెల్లదొరల కాలం. నేను అక్కడి మిషన్ బడిలో కొత్తగా చేరిన పంతులును. నా దస్తూరీ మీద నాకున్న గర్వం ఇంతా అంతా కాదు.

ఆ చర్చి కట్టేటప్పుడు కలరా వచ్చి కూలీలు పదకొండు మంది పోయారట. బయట ఎటు తవ్వినా పలకరాయే, గునపం దిగదు. లేస్తున్న గోడల మధ్య నింపిన మట్టి మెత్తగా ఉందని అక్కడే పూడ్చారు. ఏళ్ళు గడిచాక లోపల నాపరాళ్ళు పరిపించబోతూ, ఒక్కొక్కరి చోట పేరు చెక్కిన రాయి వేయిద్దామన్నారు మిషన్ నడిపే దొరగారు. ఉలి పెట్టేముందు బలపంతో అక్షరాలు రాసే పని నాది. బాప్తిస్మపు రిజిస్టరు ముందు పెట్టుకొని ముత్యాల్లా రాశాను.

బూదమ్మవ్వకు చదువు రాదు. వినిపించమంటే వినిపించాను.

"మరియమ్మలే నలుగురుండారు గదయ్యా! ఇందులో నా బిడ్డ ఏది?"

"రిజిస్టర్లో ఉండేదే రాసినాను అవ్వా."

"అది ఆదివారం పేరు. తక్కిన ఆరు దినాలు దాన్ని నేనేమని పిలిచినానో నీకేం తెలుసు?"

నాకు ఒళ్ళు మండింది. తప్పు నాదేనని తెలిశాక ఇంకా మండింది. మర్నాడు ఉలి పడితే ఆ పేర్లే నిలిచిపోతాయి. పైగా ఏ మరియమ్మ ఎక్కడుందో ఏ పుస్తకంలోనూ లేదు; తెలిసింది, పూడ్చేటప్పుడు దగ్గరున్న ఈవిడ ఒక్కతికే. ఆమె చీపురు పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది.

"ఈడ సున్నం గానుగ తోలిన ఓబులేసు. వాని కాళ్ళకాడ నీళ్ళు మోసిన లచ్చుమక్క."

ఒక్క చోట కూడా తడుముకోలేదు. నేను రాళ్ళన్నీ తుడిచి మళ్ళీ రాశాను.

సాయంత్రం దొరగారు చూసి మొహం చిట్లించారు. "ఇవి పాత మతం పేర్లు. చర్చిలో ఎట్లా?" అన్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో నేను వెనక్కి జరిగాను. అవ్వే ముందుకొచ్చింది.

"ఈ పేర్లతో పిలిస్తేనే పలికి రాళ్ళు మోసినారు దొరా. మీ చర్చి లేసింది ఈ పేర్లతోనే."

దొరగారు నేలవైపు చూసి టోపీ తీశారు. అట్లాగే చెక్కించమన్నారు.

రాళ్ళు పరిచిన రోజు, ఏదీ తారుమారు కాలేదని చూసుకోవడానికి నన్ను వరసగా చదవమంది.

"ఓబులేసు."

"ఉండాడు."

"లచ్చుమక్క."

"ఉండాది."

పది మందికీ వాళ్ళ తరఫున తనే పలికింది. చివరి రాయి తన కూతురిది. "సుంకులమ్మ" అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. నేను మళ్ళీ పిలవలేదు, ఆగాను. చాలాసేపటికి, "ఉండాదయ్యా, ఈడనే ఉండాది" అంది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత ఎన్నో బళ్ళలో పనిచేశాను. పిల్లల్ని ఇంట్లో ఏమని పిలుస్తారో కనుక్కొని, ఆ పేరుతోనే హాజరు పిలిచాను. ఏ బిడ్డ పేరైనా సరే, పలికేదాకా తర్వాతి పేరుకు పోలేదు.