కళ్లంలో చినబాబు కన్నీళ్ళు

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరే వేళకి మా ఊరి కళ్లాలన్నీ ఎర్రగా ఉండేవి. అద్దంకి రోడ్డు మీద బస్సు దిగగానే ఊరొచ్చిందని ముందు ముక్కుకి తెలిసేది... ఆ తర్వాతే కంటికి. ఎండబోసిన మిరపకాయల పక్కన గోనెపట్టాలు పరుచుకుని ఆడవాళ్ళు రంగు చెడిన తాలుకాయలు ఏరుతుంటే, నేను మా నాయనమ్మ కొంగు నీడలో కూర్చుని తుమ్ముతూ ఉండేదాన్ని.

అలాంటి ఓ ఏడు మా ఎమ్మెల్యే పెదబాబు గారు పోయారు. ఆయన తండ్రి కూడా ఎమ్మెల్యేనే... ఆ ఇంట్లో మగపిల్లాడు పుడితే బారసాల నాడే ఎమ్మెల్యే గారూ అని పిలిచేవారట. ఉప ఎన్నికలో కొడుకు చినబాబుని నిలబెట్టారు. చిన్నప్పట్నుంచీ మద్రాసు హాస్టల్లో చదువుకున్న మనిషి. ఎవరు పలకరించినా ఓ దండం పెట్టి ఊరుకునేవాడు.

మా ఊరికి ఆయన మీద ఒకటే కోపం. తండ్రి శవం దగ్గర కూడా కంటతడి పెట్టలేదట. "రాయిరా వాడు! కన్నతండ్రి కోసం ఏడవనోడు రేపు మన కోసం ఏడుస్తాడా?" అని టీ కొట్టు దగ్గర తేల్చేశారు. మా ఊళ్లో తీర్పు చెప్పడానికి కోర్టులు అక్కర్లేదు లెండి. ఈసారి అవతలివాళ్ళకే వేద్దామని సగం ఊరు అనేసుకుంది.

పెదబాబు గారికి ఓ ఆనవాయితీ ఉండేది... ప్రతి ఎన్నికకీ మొదట మా కళ్లానికే వచ్చేవారు. పట్టా మీద కూర్చుని, మా నాయనమ్మ వాళ్ళతో కబుర్లాడుతూ కాసేపు కాయలు ఏరి వెళ్ళేవారు.

చినబాబూ అలాగే వచ్చాడు. జీపు దిగి, చెప్పులు విడిచి, తండ్రి కూర్చునే చోటే కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. మిరపకాయలు పట్టుకున్న చేత్తో ఏం చేయకూడదో పాపం ఎవరూ చెప్పి పంపినట్టు లేదు. చెమట కళ్ళలోకి కారుతుంటే... రెండు కళ్ళూ గట్టిగా నలిపేసుకున్నాడు.

అంతే! కళ్ళు చింతనిప్పుల్లా అయిపోయాయి. ధారగా నీళ్ళు. "అయ్యో, తండ్రి గుర్తొచ్చాడే!" అని ఒకావిడ అందుకునేసరికి కళ్లం మొత్తం బావురుమంది. వెంట వచ్చిన కార్యకర్తలు కూడా కండువాలు కళ్ళకి అద్దుకున్నారు.

నాయనమ్మ ఒక్కతే లేచి, "జరగండర్రా, పిల్లాడికి కళ్ళు మండుతున్నాయి" అంటూ ఆయన్ని చెయ్యి పట్టుకుని పాక వెనక్కి తీసుకెళ్ళింది. నేనూ వెంటపడ్డాను. చల్లటి మజ్జిగతో చేతులు కడిగించి, తడి కొంగుతో కళ్ళు తుడిచింది. చాలాసేపే తుడిచింది. ఎరుపు తగ్గింది గానీ నీళ్ళు ఆగలేదు.

"ఇంకా మంట తగ్గలేదా బాబూ?" అంది.

"ఎప్పుడో తగ్గింది మామ్మా..." అన్నాడు. "మా నాన్న మీ కళ్లానికి వచ్చినన్నిసార్లు నా హాస్టల్‌కి రాలేదు. ఆయన మీకు తెలిసినంత కూడా నాకు తెలీదు. ఏమని ఏడవను?"

"ఏమనీ అనక్కర్లేదు. ఇక్కడ ఎవరూ చూడట్లేదు. ఏడువు నాయనా..."

మా నాయనమ్మ భుజం మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడాయన. అంత పెద్దవాళ్ళు అలా ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలీదు. భయమేసింది... జాలేసింది.

ఆ ఎన్నికలో గెలిచాడు. తర్వాత మంత్రయ్యారు, ఆ తర్వాత ఓడిపోయారు. దండలు వేసినవాళ్ళే మొహం చాటేశారు. గెలిచినా ఓడినా ప్రతి ఎన్నికకీ మొదట మా కళ్లానికే వచ్చేవారు.

మొన్న వేసవిలో మా నాయనమ్మ పోయింది. పెద్దకర్మ రోజున ఓ చిన్న కారులో వచ్చారు, జుట్టంతా తెల్లబడిపోయింది. ఇప్పుడు రాజకీయం చూసుకుంటున్న కూతురే కారు నడుపుకుంటూ తీసుకొచ్చింది. నాయనమ్మ ఫొటో ముందు చేతులు జోడించి అలాగే నిలబడిపోయారు... కంట్లో చుక్క నీరు లేదు. "ఈయన మారలేదు" అని వెనక ఎవరో గొణిగారు.

తర్వాత ఒక్కరే కళ్లంలోకి నడిచారు. మా అన్నయ్య ఎండబోసిన కాయల పక్కన పట్టా మీద కూర్చుని కాసేపు ఏరారు. నా వంక ఓసారి చూశారు... ఆ చేతులతోనే రెండు కళ్ళూ నలుపుకున్నారు.

"నాన్నా! కళ్ళు!" అంటూ కూతురు కంగారుగా పరిగెత్తింది.

"ఏం లేదమ్మా, మంట..." అన్నారు.

నేను మజ్జిగ చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టాను. తొందరపెట్టలేదు.

ఇప్పుడు కాయలు చాలావరకు చేలోంచే కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి. నాయకులు వ్యాన్ మీద నిలబడి చేయి ఊపేసి వెళ్తున్నారు, వాళ్ళ కన్నీళ్ళు సాయంత్రానికి మన ఫోన్లలోకి వస్తున్నాయి. మీ ఊళ్లో నాయకులు ఎక్కడ కూర్చునేవారో చెప్పండి... మా ఊళ్లో అయితే ఆ పట్టా ఇంకా పరిచే ఉంది. పక్కన కూర్చుని కళ్ళు తుడిచే మనిషే లేదు.