బారాత్ గుర్రమెక్కి గోదారి గడ్డ మీద

ఆ రోజుల్లో నా చేతులు ఖాళీగా ఉన్నది తక్కువ. పొద్దంతా ఒళ్లో బీడీల చాట ఉంటే పలక ఎక్కడ పెట్టుకోవాలె? అందుకే ఈ ముచ్చట ఇన్నేండ్లు నోట్లనే ఉండిపోయింది. అరవై దాటినంక, కోరుట్లల మనుమరాలి పక్కన కూసోని అక్షరాలు నేర్చుకున్న. "అమ్మమ్మా, మొదలు దేవుని పేరు రాయి" అన్నది. నేను 'గుర్రం' అని రాసిన. (దేవుడు ఏమనుకోడు. ఆయనకు ఆ గుర్రం సంగతి తెలుసు.)

ఎండకాలం గోదారి సన్నబడితే, బీర్పూర్ దిక్కు నది నడుమ ఉన్న గడ్డ మీదికి మోకాళ్ల లోతు నీళ్లల్ల నడిచి పోయేటోళ్లం. అదంతా అడవి. అమ్మ, నేను, ఇంకో పదిమంది ఆడోళ్లం అక్కడనే గుడిసెలేసుకొని బీడీలు చుట్టే తునికాకు తెంపేది. నాకు పదహారేండ్లు. రెండు ఎండకాలాలు పనిచేసినా ఆ గడ్డ కొస ఎట్లుంటదో చూడలేదు. ఆకు తెంపేటోళ్లకు కనపడేది కొమ్మ, దాని కింద తమ కాళ్లు, అంతే. కొస దాక బాటలున్నయని, అక్కడ నది రెండు పాయలు కలుస్తయని మా మేనమామ చెప్పేటోడు. ఆయనకో తెల్ల గుర్రముండె. పెండ్లిపిలగాండ్లను ఎక్కించుకొని జగిత్యాల నుంచి సిరిసిల్ల దాక బారాత్‌లు తిరిగిన గుర్రం. ముహూర్తాలు లేని ఆ నెల, ఆకుమూటలు మొయ్యనీకి దాన్ని తెచ్చిండు.

"ఎక్కి ఆ కొస చూసొస్త మామా" అంటే ఎగిరిపడ్డడు.

"పిచ్చిగిట్ల లేసిందా? ఆడిపిల్ల ఎక్కిందని తెలిస్తే ఇగ ఏ పెండ్లికి పిలుస్తరే దాన్ని?"

"మూటలు మోస్తే పిలుస్తరా?"

"మూట ఆడిదా, మొగదా!"

మధ్యాహ్నం అందరు నీడకు ఒరిగినంక ఎక్కిన. గుర్రం నాలుగడుగులేసి ఆగింది. పొడిచిన, బతిమిలాడిన, తిట్టిన. కదలదు. అప్పుడు తెలిసింది, వీపు మీద మనిషి కూసుంటే దానికి డప్పు మోగితేనే నడక. (దొంగతనంగా పోదామనుకున్న నాకు, చప్పుడు లేకుంటే కదలని గుర్రం దొరికింది!) దిగి, నీళ్ల సత్తుగిన్నె తెచ్చుకొని, మల్ల ఎక్కి పుల్లతోని కొట్టిన. డండనక, డండనక. మెడ లేపి, నడుం ఊపుకుంట అడవిలకు నడిచింది. ప్రతి మలుపుకాడ ఆగి తల వంచేది, ఎవరో హారతి పడతరని. నేనే వట్టి చెయ్యి తిప్పి హారతిచ్చి, మల్ల గిన్నె కొట్టేదాన్ని. ఎప్పుడు నా నెత్తి మీదుండే తునికి కొమ్మలను మొదటిసారి పైనుంచి చూసిన. కొస దాక పోయిన. రెండు పాయలు కలిసేకాడ ఎవరు చెయ్యి పెట్టని చెట్లు, అరచెయ్యంత లేత ఆకు.

వాపసు వచ్చేవరకు ఆ చప్పుడుకు లేచిన ఆడోళ్లంతా బాటకు రెండు దిక్కుల నిలబడ్డరు. జనాన్ని చూసి గుర్రానికి పెండ్లి యాదికొచ్చింది. ముందుకాళ్లు ఎత్తి ఆడుడు మొదలుపెట్టింది.

"దిగు!" అని మామ.

"దిగనంటే దిగ!" అని నేను. (నిజం చెప్పాలంటే, దిగుడు అప్పుడు నా చేతిల లేదు.)

"గుర్రాన్ని మైల చేసినవు. రేపు పొద్దుగాల గోదారిల కడిగి పసుపునీళ్లు చల్లు. మల్ల దాని దిక్కు చూస్తివా, కాళ్లిరగ్గొడుత."

అమ్మ నా వీపు మీద ఒక్కటి సరిచింది. సరిచినంక మెల్లగ అడిగింది, "ఏముందే ఆడ?" చెప్పిన, అంతా చెప్పిన.

ఇప్పటికి మా గల్లీల బారాత్ పోతుంటే మోకాళ్లు పట్టుకొని వాకిట్లకు వస్త. అందరు పిలగాన్ని చూస్తరు. నేను గుర్రాన్ని చూసి వట్టి చెయ్యి తిప్పుత. మనుమరాలు నవ్వుతది, నాకు నవ్వొస్తది.

అప్పుడు ఆ గడ్డ మీద, మరునాడు పొద్దుగాల మామ చెప్పినట్టే గుర్రాన్ని రుద్ది రుద్ది కడిగిన, పసుపునీళ్లు చల్లిన. శుద్ధి అయ్యింది. అందరు చూస్తుండంగనే గిన్నె పట్టుకొని ఆ తడి వీపు మీద ఎక్కి కూసున్న. "ఏయ్ పిల్లా!" అని మామ ఉరికొచ్చిండు. అమ్మ ఆయనకు అడ్డమొచ్చి, నా చేతిల గిన్నె గుంజుకున్నది.

"నువ్వు రెండు చేతులతోని గట్టిగ పట్టుకో బిడ్డా," అన్నది. "నేను కొడుత."