రిజిస్ట్రార్ గారి రెండు తుమ్ములు

కొన్నేళ్లుగా గుండెల మీద బండరాయి మోస్తున్నానని మొదలుపెడదామనుకున్నాను. అది అబద్ధం. నేను మోస్తున్నది ఒక టర్కీ టవల్. కాకపోతే తడి టవల్. ఓసారి భుజాన వేసుకుని తిరిగి చూడండి. బరువేమీ ఉండదు. చొక్కా మాత్రం ఎప్పటికీ ఆరదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆఫీసులో ఎవరి రహస్యమైనా పదకొండు గంటల టీకి క్యాంటీన్ చేరుతుంది. నాది చేరలేదు, ఎందుకంటే చేరవేసేవాణ్ణి నేనే. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేనొక విశ్వవిద్యాలయంలో చిన్న గుమాస్తాని. ఏదని అడక్కండి. మంగళగిరి నుంచి ఒంగోలు దాకా మిరపచేల మధ్య ఏ పెద్ద గేటు కనబడినా అదే అనుకోండి. హాస్టళ్ల ఆఫీసులో నా బల్ల.

మా దగ్గరొక పద్ధతుంది. ఖాళీ అయిన కుర్చీని నింపరు. ఎవరో ఒకర్ని ఇన్‌ఛార్జి అంటారు. ఆ అనడం కూడా నోటిమాటే. రిజిస్ట్రార్ గారు ఫోన్‌లో అంటారు, ఇక్కడ అయిపోతుంది. కాగితం తరవాతెప్పుడో "తమరి మౌఖిక ఆదేశాల మేరకు" అనుకుంటూ తీరిగ్గా బయల్దేరుతుంది. మీరు నిజంగా అన్నారా అని ఆయన్ని ఎవరూ అడగరు. అడిగితే ఆయన్ని నమ్మనట్టు. నేననలేదే అని ఆయనా అనరు. అంటే మతిమరుపు ఒప్పుకున్నట్టు. ఇంత నమ్మకం మీద నడిచే సంస్థ లోకంలో ఇంకోటి ఉండదు.

ఆ ఏడు సరిగ్గా మిర్చి సీజన్‌లో మా మెస్ మేనేజర్ దీర్ఘకాల సెలవు పెట్టాడు. ఆ రోజుల్లో గాలి మిర్చి యార్డు వైపు నుంచి వీస్తే ఊరంతా తుమ్ముతుంది. రిజిస్ట్రార్ గారిది మాత్రం ప్రత్యేకం. "చూడమ్మా" అంటారు, ఆగుతారు, రెండు తుమ్ములు తుమ్ముతారు, ఆగిన చోటి నుంచే వాక్యం అందుకుంటారు. నేను దాన్ని అచ్చు దించేసేవాణ్ణి. ఆ విద్య మీద క్యాంటీన్‌లో చాలా పునుగులు తిన్నాను.

మేనేజర్ కుర్చీ న్యాయంగా కోటేశ్వరరావు గారికి రావాలి. అందరిలోకీ సీనియర్. ఆ వేసవిలోనే రిటైర్మెంట్. ఉన్న నాలుగు నెలలైనా ఆ కుర్చీలో కూర్చుని వెళ్లాలని ఆయన కోరిక. అధికారి కుర్చీ అంటే వీపున తెల్ల టవల్ ఉండాలి కదా, అది ముందే కొని సొరుగులో పెట్టుకున్నారు. నన్ను పిలిచి మరీ చూపించేవారు. "చెయ్యి పెట్టి చూడరా, ఎంత మెత్తగా ఉందో."

ఆయన పక్క బల్ల వనజాక్షి గారిది. మంగళగిరిలో వాళ్లది మగ్గాల ఇల్లు. చీర బేరం దగ్గర ఆవిడ గొంతు కొండమీద గుడిదాకా వినిపిస్తుందంటారు. ఆఫీసులో మాత్రం ఏమడిగినా ఒకటే మాట, "పైనుంచి చెబితే చేద్దాం బాబూ." ఫ్యాను వెయ్యమన్నా అంతే.

అలా పైనుంచి ఎవరూ చెప్పక, మెస్‌లో గ్యాస్ నిండుకుంది. ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని చెబితే తప్ప డీలరు బండి పంపనన్నాడు. ఒకే ఒక్క సిలిండర్ మీద మూడు పూటలా ఉప్మా దిగుతోంది. పిల్లలు కంచాలు వాయిస్తున్నారు. తాళం బాగానే ఉంది.

సరిగ్గా అప్పుడే మాకు నాయకత్వ శిక్షణ. హైదరాబాద్ నుంచి ఒకాయన, మా ఎండల్లో కోటు వేసుకుని వచ్చాడు. "నాయకుడనేవాడు ఆదేశం కోసం ఎదురుచూడడు" అన్నాడు. అందరం రాసుకున్నాం. రాసుకుని, భోజనానికి లేవమని ఎవరైనా చెబుతారేమోనని చాలాసేపు ఎదురుచూశాం.

ఆ మధ్యాహ్నమే నాకా బుద్ధి పుట్టింది. పక్కనున్న స్టోర్ గదిలోకి వెళ్లి ఇంటర్‌కమ్ ఎత్తాను. చూడమ్మా వనజాక్షీ అన్నాను. రెండు తుమ్ములు తుమ్మాను. ఇవాళ్టి నుంచి మెస్ సంగతి నువ్వే చూసుకో, ప్రతిదానికీ నన్నడక్కు అన్నాను. ఆవిడ చాలా చిన్న గొంతుతో, "నన్నేనా అండీ?" అంది. నిన్నే అని పెట్టేశాను.

నా పథకం ఇంతే. గదిలోకి వెళ్లి, పైనుంచి చెప్పారా అండీ అని అడిగి, నవ్వించి, టీ పోయించి, చెప్పేయడం. వెళ్లాను. ఆవిడ నిలబడి ఉంది. రిజిస్ట్రార్ గారితో ఫోన్ మాట్లాడేటప్పుడు నిలబడటం మా ఆచారమే. కానీ ఫోన్ పెట్టేశాక కూడా ఆవిడ నిలబడే ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపు డీలరుకి ఫోన్ కలిపింది.

"ఏమయ్యా, సాయంత్రానికి బండి గేట్లో ఉండాలి. ఎవరు చెప్పారంటావా? నేను చెబుతున్నా!"

ఆ మగ్గాల ఇంటి గొంతు మేము వినడం అదే మొదలు. ఎవరు బుడగ ఊదినా సూదితో తయారయ్యేవాణ్ణి నేను. ఆ రోజు సూది చేతిలోనే ఉండిపోయింది. ఎలా పొడుస్తాను? సాయంత్రం బండి వచ్చింది. రాత్రి చారు, వేపుడు, ఊరమిరపకాయలు. కంచాల చప్పుడు ఆగిపోయింది.

ఇంతవరకే అయితే ఇది తప్పు కాదు, కబుర్ల కింద లెక్క. మర్నాడు కోటేశ్వరరావు గారు నా బల్ల దగ్గరకొచ్చారు.

"ఏరా అబ్బాయ్, నిన్న నేను సీట్లో లేను, రిజిస్ట్రార్ గారు ఫోన్ చేసినప్పుడు నువ్విక్కడే ఉన్నావంటగా?"

"పక్కగదిలో ఉన్నానండీ."

"నా పేరేమన్నా ఎత్తారా?"

"లేదండీ."

"అస్సలు?"

"అస్సలు ఎత్తలేదండీ."

ఆయన తలూపారు. "అంతేలే. పెద్దాయన ఏదో ఆలోచించే చేసుంటారు. ఇన్నేళ్ల సర్వీసులో నేనే ఎక్కడో తేడా చేసుంటాను."

వెళ్లి సొరుగు తీశారు. ఆ టవల్ మడత విప్పి, ఆవిడ వద్దంటున్నా తన చేత్తోనే మేనేజర్ కుర్చీకి వేశారు. "ఉంచమ్మా. నా దగ్గరుంటే ఎలకలు కొట్టేస్తాయి."

ఫోన్‌లో పలికింది రిజిస్ట్రార్ గారి గొంతు. దాన్ని అల్లరి అని సరిపెట్టుకోగలను. కానీ "లేదండీ" అన్నది ఎవరి గొంతు? నాదే. మిమిక్రీ లేదు, తుమ్ము లేదు. ఆయన తనలో తప్పు వెతుక్కుంటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. ఎందుకు చెప్పలేదు? పిల్లల భోజనం కోసం అని రాయాలనుంది. రాస్తే అదింకో అబద్ధం. నాది కాంట్రాక్టు ఉద్యోగం, నిజమైన రిజిస్ట్రార్ గారు నిజంగా ఒక్క ఫోన్ చేస్తే పోయేది. అదీ సంగతి. వనజాక్షి గారి ముఖం చూసి నోరు రాలేదన్నదీ నిజమే. ఏది ఎంత పాలు? ఇప్పటికీ విడదీయలేకపోయాను.

వేసవిలో ఆయన రిటైరయ్యారు. విందు వనజాక్షి గారే చేయించింది. గోంగూర మాంసం రెండోసారి వడ్డించుకుంటూ ఆయనన్నారు, "ఆ కుర్చీలో నేనుంటేనా, ఇవాళా ఉప్మాయే తినేవాళ్లంరా!" అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆయన మాటను క్షమ కింద జమ కట్టుకుందామని చూశాను. కుదర్లేదు. దేన్ని క్షమిస్తున్నాడో తెలియని మనిషి ఇచ్చింది క్షమ ఎలా అవుతుంది?

ఈ ఏడు మళ్లీ నాయకత్వ శిక్షణ పెట్టారు. ఈసారి వనజాక్షి గారు వేదిక మీద. "ఆ రోజు సార్ నన్ను నమ్మి ఆ ఫోన్ చేయకపోతే నేను ఇవాళ్టికీ ఫ్యాను వెయ్యడానికి పర్మిషన్ అడుగుతుండేదాన్ని" అంది. హాలంతా చప్పట్లు. రిజిస్ట్రార్ గారు వినయంగా లేచారు. "ఆమెలో సత్తా నేను" అని ఆగి, రెండు తుమ్ములు తుమ్మి, "అప్పుడే కనిపెట్టాను" అన్నారు. ఆయనకా ఫోన్ నిజంగానే గుర్తుంది! ఇప్పుడు నేను నిజం చెప్పినా, అబద్ధమాడుతున్నానని చెప్పడానికి సాక్షి ఉన్నాడు.

పోయిన వారం నా బల్ల మీద ఇంటర్‌కమ్ మోగింది. "చూడు బాబూ." రెండు తుమ్ములు. "ఇకమీదట స్టోర్స్ నువ్వు చూసుకో." నేను కూర్చునే ఉన్నాను. "ఒరేయ్, ఎవడ్రా నువ్వు?" అన్నాను. "రిజిస్ట్రార్‌ని" అని జవాబొచ్చింది.

లేచి నిలబడ్డాను. ఎలాగైతేనేం, ఇప్పుడు నేను స్టోర్స్ ఇన్‌ఛార్జిని.

నవ్వుకుంటూ ఇక్కడితో ఆపేసేవాణ్ణే. కానీ కోటేశ్వరరావు గారు నిన్న వచ్చారు. వాళ్ల ఊరు పిడుగురాళ్ల దగ్గర. సున్నపు బట్టీల దుమ్ము పడగా మిగిలిన చేలో మిరప వేస్తారు, ఏటా అందరికీ తలా కాసిని ఎండుమిరపకాయలు తెచ్చి పెడతారు. ఈసారి నాకు ఇంకో పొట్లం ఇచ్చారు. "ఇన్‌ఛార్జి అయ్యావంటగా! కుర్చీకి వేసుకోరా." తెల్ల టర్కీ టవల్. చెయ్యి పెట్టి చూశాను. మెత్తగా ఉంది.

ఇంకా వేయలేదు. సొరుగులో ఉంది. ఆయనకెప్పటికైనా చెబుతానా? తెలియదు. ఆయన ఆ రోజు అడిగిన ప్రశ్నకు సరైన జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

రిజిస్ట్రార్ గారు మీ పేరు ఎత్తలేదండీ. ఆవిడ పేరూ ఎత్తలేదు. ఎత్తింది నేను.

ఆయన తెచ్చిన మిరపకాయల ఘాటో ఏమో, ఆ ముక్క రాయగానే తుమ్మొచ్చింది. ఒంటి తుమ్ము మంచిది కాదంటారని రెండోదాని కోసం ఆగాను. అదీ వచ్చింది. రెండూ నావే.