మా ఆయన ప్రసంగం నేర్చుకున్న సంగతి

మా ఆయన పేరు కైలాసం. బాప్తిస్మం తీసుకున్న రోజున సంఘంలో ఒకరిద్దరు పెద్దలు పేరు మార్చుకొమ్మని సలహా ఇచ్చారట. "మా నాయిన పెట్టిన పేరు. దేవుడు గీ పేరుతోనే నన్ను పిలిసిండు. ఇప్పుడు కొత్తది పెట్టుకుంటే ఆయనకే పరేషాన్" అని ఈయన నవ్వి ఊరుకున్నాడట. ఈ మాట నాకు పాస్టర్ ప్రభాకర్ గారు చెప్పారు. నేను ఆ రోజు అక్కడ లేను. నేను చర్చికి వెళ్ళను.

మాది సూర్యాపేట. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు, నేను అంగన్‌వాడీ టీచర్‌గా చేశాను. ఒకసారి బస్సు మెట్టు మీది నుంచి జారిపడి తుంటి విరిగి మంచం పట్టాడు. మా చుట్టాలు పండ్లు పట్టుకొచ్చి చూసిపోయారు. మా గల్లీ చివర ఉన్న చర్చి వాళ్ళు మాత్రం రోజూ సాయంత్రం వచ్చి, రెండు చంకల కింద చేతులు వేసి లేపి, వాకిట్లో నడిపించి పోయేవాళ్ళు. నడక వచ్చాక ఈయన వాళ్ళ వెంటే నడిచాడు. నాకు ఒళ్ళు మండింది. కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం రాజీకి వచ్చాం. నా శనివారం పూజ జోలికి ఆయన రాడు, ఆయన ఆదివారం జోలికి నేను వెళ్ళను.

రిటైరయ్యాక ఈయనకు ప్రసంగం నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మిర్యాలగూడలో ఒక చర్చి మేడ మీద శనివారాలు క్లాసు చెబుతున్నారని తెలిసి, సంచీ భుజాన వేసుకుని, తాను టికెట్లు కొట్టిన రూట్లోనే టికెట్ కొనుక్కుని వెళ్ళడం మొదలుపెట్టాడు. క్లాసు చెప్పే సుధీర్‌ది కోదాడ. వయసులో మా అమ్మాయి శిల్ప కంటే కాస్త పెద్దవాడు, అంతే. కూతురి ఈడు పిల్లవాడి ముందు బెంచీ మీద కూర్చుని నేర్చుకోవడానికి మా ఆయనకు నామోషీ అనిపించలేదు. అది నాకు నచ్చింది, ఆయనతో అనలేదు.

నేర్చుకున్నదంతా వంటింట్లో నా మీద ప్రయోగం. ఫ్రిజ్ ముందు నిలబడి, ఫోన్‌లో చూసిన ప్రసంగీకుల లాగా గొంతు జీరబోయేట్టు అరిచేవాడు. 

"ఎందుకయ్యా గంత లొల్లి?"

"ఎనక సీట్లోల్లకు ఇనబడాలె గద."

"ఎనక సీటు ఏడున్నది? ఎనక గ్యాస్ బండ ఉన్నది. దానికి ఏం ఇనబడ్డా ఒకటే."

ఆయన కోపం తెచ్చుకోకుండా గొంతు తగ్గించి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. కూర మాడుతున్నా కదలనిచ్చేవాడు కాదు.

ఒక శనివారం మిర్యాలగూడ నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చున్నాడు. "ఇయ్యాల సుధీర్ సార్ మంచి మాట సెప్పిండు ఆండాళూ. బైబిల్ల వాక్యం దొరకంగనే మనకేం లాభమని సూడొద్దంట. గది ఎవరికి సెప్పిన మాట, గప్పుడు వాళ్ళు ఏ తిప్పల్ల ఉన్నరు, గది ముందు అడగాలెనంట. వాక్యం ఇయ్యని మాటను మన నోటితోని ఇయ్యొద్దంట" అన్నాడు. చర్చి మాటల్లో నాకు మొదటిసారి తలకెక్కిన మాట అది. ఆ సుధీర్ మీద గౌరవం కలిగింది.

డిసెంబర్ చివర్లో పాస్టర్ గారు ఈయనకు ఒక పని అప్పజెప్పారు. కొత్త సంవత్సరం ఆరాధనలో వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. ఒక్కొక్క వాక్యం రాసిన చిన్న చిన్న కార్డులు పెట్టెలో వేస్తారు. వరసలో వచ్చి ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. చేతికి వచ్చిన కార్డే ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన వాగ్దానం అనుకుంటారు. ఇంటికి తీసుకుపోయి గోడకు అంటిస్తారు. ఆ కార్డులు తయారుచేయడం ఈయన పని. ఈయన చేతిరాత కోడి గీకినట్టుంటుంది కాబట్టి రాసే పని నాది.

ఆయన బైబిల్ తిరగేస్తూ చెబుతుంటే, నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ మధ్యమధ్యలో చేతులు తుడుచుకుని రాశాను. అన్నీ తీపి మాటలే. జబ్బు పోతుంది, అప్పు తీరుతుంది, ఇల్లు కడతారు, శత్రువు పారిపోతాడు. "గంత పెద్ద పుస్తకంల తిట్లు లేవా? ఏడుపులు లేవా?" అని అడిగాను. "శానా ఉన్నయ్. గని కొత్త ఏడాది పూట గవి ఎవరికి గావాలె?" అన్నాడు. పిల్లలకు చాక్లెట్లు పంచేవాడి ముఖంలా ఉంది ఆయన ముఖం. నేను చేతులు తుడుచుకుని ఇంకో కార్డు అందుకున్నాను.

మా ఎదురింటి సుగుణమ్మ ఆ చర్చి మనిషే. భర్త లేడు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఒక్కడే కొడుకు, కార్తీక్. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. రెండు కిడ్నీలూ పాడై, వారానికి రెండుసార్లు దవాఖానలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. కొలిచి నీళ్ళు తాగాలి, కొలిచి తినాలి. ఆ పిల్లవాడు మంచినీళ్ళ గ్లాసు వైపు చూసే చూపు నేను చూడలేకపోయేదాన్ని. సుగుణమ్మకు ఆ ఏడు వచ్చిన కార్డులో, మీ మధ్య నుంచి రోగాన్ని తీసివేస్తానని అర్థం వచ్చే వాక్యం ఉంది. నా చేతిరాత.

జనవరి నెల సగం గడిచాక వాళ్ళ వాకిట్లో కొబ్బరిబోండాం చిప్పలు కనిపించాయి. డయాలసిస్ రోగికి బోండాం నీళ్ళు విషంతో సమానమని సుగుణమ్మే నాకు ఒకప్పుడు చెప్పింది. గల్లీ దాటి వెళ్ళి అడిగాను.

"ఇగ దవాఖానకు తోలుకపోతలేను వదినా" అంది. ముఖం వెలిగిపోతోంది. "దేవుడే సెప్పినంక ఇగ మిషన్ ఎందుకు? పోతే ఆయనను నమ్మనట్టే గద. పోరగాడు ఇష్టంగ నీళ్ళు తాగుతుండు, సూడు."

గోడకు నా అక్షరాలు అంటించి ఉన్నాయి. వాటి కింద మంచం మీద కార్తీక్ మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం ఉబ్బింది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదట. నన్ను చూసి నవ్వబోయి తల తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన కుర్చీలో అలాగే కూలబడ్డాడు. ఆ ఆదివారమే ఆయన పరీక్ష. మా గల్లీ చర్చిలో ప్రసంగం చేయాలి, సుధీర్ కోదాడ నుంచి వచ్చి విని మార్కులు వేస్తాడు. దానికోసం నెల రోజులుగా నా చెవులకు తూట్లు పొడుస్తున్నాడు. ఇప్పుడు ఆ ఊసే ఎత్తలేదు.

"నేను పోయి సెప్త" అన్నాను. "గది చిక్కుడుకాయలు ఒలుసుకుంట నేను రాసిన కార్డు, దేవుడు రాసింది కాదు అని."

"వద్దు ఆండాళూ. గట్ల సెప్తే దేవుడే లేడన్నట్టయితది ఆమెకు. ఉన్న ఒక్క ఆసర అది. నేను జేసిన తప్పు ఒక్కటే తీసెయ్యాలె, దేవున్ని కాదు. గది ఎట్ల తీయాల్నో నాకు ఎరుక లేదు."

సుధీర్‌కు ఫోన్ చేశాడు. నాకు వినబడాలని స్పీకర్ పెట్టాడు. ఆ అబ్బాయి అంతా విన్నాడు. "ఆదివారం దాకా ఆగకండి కైలాసం గారూ. పాస్టర్ గారిని కూడా పంపకండి. మీరిచ్చిన కార్డు కదండీ, మీరే వెళ్ళాలి" అన్నాడు.

"నువ్వు గూడ రా" అన్నాడు మా ఆయన నాతో. ఇన్నేళ్ళలో తన దేవుడి పనికి నన్ను రమ్మని అడగడం అదే మొదలు. వెళ్ళాను.

మంచం పక్కన నిలబడి ఈయన మొదట ప్రసంగం గొంతు ఎత్తబోయాడు. రెండు ముక్కలు వచ్చి ఆగిపోయాయి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సుగుణమ్మా, గ మాట దేవుడు సెప్పిందే. అబద్ధం కాదు. గని ఎవరికి సెప్పిండో నీకు నేను సెప్పలే. బానిసలుగ బతికి బయటపడ్డ జనం ఎడారిల నడుస్తున్నరు. గా జనం మొత్తానికి సెప్పిండు. నడిసెటోళ్ళకు సెప్పిండు. కూసోమని సెప్పలే. గ మాట ఇన్నోళ్ళల్ల తర్వాత జబ్బు పడ్డోళ్ళున్నరు. తొవ్వల కన్ను మూసినోళ్ళున్నరు. వాళ్ళను గూడ దేవుడు ఇడిసిపెట్టలే. నేను గవన్ని పక్కకు పెట్టి, ఒక్క తీపి ముక్క కోసి పెట్టెల ఏసిన."

సుగుణమ్మ ముఖంలో వెలుగు పోయింది. "గట్లయితే నా కొడుకు బాగైతడా, కాడా? గది సెప్పు అన్నా" అంది.

మా ఆయన కార్తీక్ వైపు చూశాడు. అయితడమ్మా అనేస్తాడేమోనని భయపడ్డాను. అక్కడ ఎవరున్నా అదే అంటారు. నేనైతే అనేసేదాన్ని.

"నాకు తెల్వదమ్మా" అన్నాడు.

ఆమె లేచింది. "తెల్వనోనివి ఎందుకు ఇచ్చినవ్? ఎందుకు ఇచ్చినవ్ నాకు?" అని అరిచింది.

"తప్పు నాది. కొట్టినా పడ్త. పోరన్ని మాత్రం దవాఖానకు పంపు."

అప్పుడు కార్తీక్ నోరు విప్పాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "మామను అనకు అమ్మా. నేను కార్డును నమ్మలే. సూదులు గుచ్చి గుచ్చి పానం ఇసిగింది. నువ్వు దవాఖాన వద్దనంగనే ఇగ సాలు అనుకున్న. నువ్వు గంత సంబురంగ ఉంటివి... నాకు సావు వస్తదని ఎరుకే."

సుగుణమ్మ కొడుకు వాచిన పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుని, "నాకు ఒక్క మాట సెప్పలేదేంది బిడ్డా" అని ఏడ్చింది. మా ఆయన బయటికి వెళ్ళి ఆటో తెచ్చాడు. కార్తీక్‌ను చంకల కింద చేతులు వేసి లేపి, మెట్లు దింపి, ఆటో ఎక్కించాడు. తుంటి నొప్పి ఆయనకు గుర్తు రాలేదు, నాకు గుర్తొచ్చింది.

దవాఖానలో సిస్టర్ మమ్మల్ని తిట్టకుండా వెంటనే మిషన్ మీదికి తీసుకుంది. ఇంకొక్క రోజు ఆగితే ఏమయ్యేదో డాక్టర్ చెప్పాడు. ఆ మాట నేనిక్కడ రాయను. ముగ్గురం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. సుగుణమ్మ మా ఆయనకు వీలైనంత దూరంగా, నాకు అవతలి పక్కన కూర్చుంది. మా ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఇన్నాళ్ళ ప్రసంగాల్లో నేను తప్పు పట్టనిది, సుగుణమ్మతో ఆయన అన్న ఆ "తెల్వదమ్మా" ఒక్కటే. ఆ మాట అనడానికి ఎంత ప్రేమ కావాలో నాకు అప్పుడు తెలిసింది. మా ఆయన మీద నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది. ఇంటికి వెళ్ళాక చెబుదామనుకున్నాను.

లోపల మిషన్ చప్పుడు చేస్తూనే ఉంది. చాలాసేపటికి సుగుణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నా మీదుగా ముందుకు వంగి ఆయన వైపు చూసింది.

"అన్నా, బాగైతడని సెప్పకు" అంది. "ప్రార్థన మాత్రం చెయ్యి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "దేవా, కార్తీక్..." అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ ప్రార్థన ఎలా చేయాలో నాకు తెలియదు. నేను కూడా కళ్ళు మూసుకున్నాను.